నిజం వైట్‌హౌస్ దాకా ఎందుకు చేరలేదు? డేవిడ్ హాల్బర్‌స్టామ్ పుస్తకాల్లో అమెరికా యుద్ధాలు

1963 జనవరి 2న మెకాంగ్ డెల్టా వరి పొలాల మధ్య ఉన్న ఆప్ బాక్ అనే పల్లెను దక్షిణ వియత్నాం సైన్యం చుట్టుముట్టింది. సైన్యం వైపు దాదాపు 1,400 మంది, అమెరికా ఇచ్చిన హెలికాప్టర్లు, సాయుధ వాహనాలు, ఫిరంగులు. అవతల చెట్ల వరుసలో, కాలువ గట్ల వెంట తవ్వుకున్న గోతుల్లో దాదాపు 350 మంది కమ్యూనిస్టు గెరిల్లాలు. పొద్దుగూకేసరికి ఐదు హెలికాప్టర్లు కూలిపోయాయి. ముగ్గురు అమెరికన్లు, 80 మంది దాకా దక్షిణ వియత్నాం సైనికులు చనిపోయారు. గెరిల్లాలు రాత్రికి రాత్రే జారుకున్నారు. మర్నాడు అక్కడికి వచ్చిన అమెరికా సేనాధిపతి జనరల్ పాల్ హార్కిన్స్, శత్రువు ఉచ్చులో పడ్డాడని, అరగంటలో ఉచ్చు బిగించేస్తామని విలేకరులతో అన్నారు. అప్పటికి ఆ పల్లెలో శత్రువన్నవాడే లేడు. ఆ మాట విన్నవాళ్లలో దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్‌లో న్యూయార్క్ టైమ్స్ ప్రతినిధి డేవిడ్ హాల్బర్‌స్టామ్ ఒకరు. అప్పటికి ఆయన వయసు 28.

కళ్లెదుట కనిపించినదానికీ జనరల్ చెప్పినదానికీ పొంతన లేకపోవడాన్ని హాల్బర్‌స్టామ్ ఆ ఒక్కరోజు వార్తతో వదిలేయలేదు. తర్వాతి 44 ఏళ్లలో ఆయన యుద్ధాల మీద, అధ్యక్షుల మీద రాసినదంతా ఒకే విషయాన్ని తవ్వుతూ పోయింది. క్షేత్రంలో తెలిసిన నిజం అధ్యక్షుడి బల్ల మీదికి చేరేలోపు ఏమవుతుంది, దాన్ని ఎవరు మారుస్తారు, మార్చకుండా చెప్పినవాళ్లకు ఏ గతి పడుతుంది? అధ్యక్షుల చరిత్ర రాసేవాళ్లు మామూలుగా పైనుంచి మొదలుపెడతారు. ఉత్తరాలు, డైరీలు, క్యాబినెట్ మినిట్స్ వాళ్ల ముడిసరుకు. ఈయన బురద పొలంలో మొదలుపెట్టి, మెట్టు మెట్టూ ఎక్కుతూ ఓవల్ ఆఫీసు దాకా వెళ్లారు. ఆయన పుస్తకాల బలం, లోపం రెండూ ఆ దారిలోనే ఉన్నాయి.

చిన్న పత్రిక నుంచి సైగాన్‌కు

1934లో న్యూయార్క్‌లో పుట్టారు. తండ్రి సైన్యంలో సర్జన్. హార్వర్డ్‌లో చదువుతూ అక్కడి విద్యార్థుల దినపత్రికకు మేనేజింగ్ ఎడిటర్‌గా చేశారు. 1955లో డిగ్రీ చేతికొచ్చాక ఏ పెద్ద పత్రిక గుమ్మమూ ఎక్కకుండా మిసిసిపీ రాష్ట్రంలో వెస్ట్ పాయింట్ అనే చిన్న ఊరి దినపత్రికలో చేరారు. ఆ తర్వాత నాష్‌విల్‌లోని టెన్నెసియన్ పత్రికకు మారారు. 1960లో అక్కడి నల్లజాతి విద్యార్థులు హోటళ్ల కౌంటర్ల దగ్గర కూర్చుని చేసిన నిరసనలను దగ్గరుండి రాశారు. ఆ ఏడాదే న్యూయార్క్ టైమ్స్‌లో చేరారు. కాంగోలో అంతర్యుద్ధం రాశాక 1962 సెప్టెంబరులో సైగాన్ చేరారు.

వియత్నాంలో ఆయన చేసిన మొదటి మంచి పని రాయబార కార్యాలయం బ్రీఫింగుల మీద ఆధారపడకపోవడం. డెల్టాలో దక్షిణ వియత్నాం బెటాలియన్లతో కలిసి తిరిగే అమెరికన్ కెప్టెన్లు, మేజర్లతో పాటు ఆయన కూడా ఆ బురదలో తిరిగేవారు. వాళ్లలో ముఖ్యుడు లెఫ్టినెంట్ కల్నల్ జాన్ పాల్ వాన్. మీథో పట్టణంలో ఉన్న ఏడో డివిజన్‌కు ఆయన సలహాదారు. దక్షిణ వియత్నాం అధ్యక్షుడు డియెమ్ ప్రభుత్వంలో అధికారులకు ప్రమోషన్ వచ్చేది యుద్ధం గెలిచినందుకు కాదనీ, అధ్యక్షుడికి విధేయంగా ఉన్నందుకనీ వాన్ చెప్పేవారు. సైన్యంలో ప్రాణనష్టం జరిగితే పై నుంచి అక్షింతలు పడతాయి కాబట్టి కమాండర్లు పోరాటానికి దిగరు, పల్లెల మీద దూరం నుంచి ఫిరంగులు పేలుస్తారు. దాంతో రైతులు గెరిల్లాల వైపు వెళ్తారు. మారుమూల శిబిరాలకు అమెరికా పంపిన తుపాకులు కొన్నాళ్లకు గెరిల్లాల భుజాల మీద కనిపిస్తాయి. ఇదంతా వాన్ తన రిపోర్టుల్లో రాశారు. హార్కిన్స్ కార్యాలయం వాటిని పక్కన పడేసింది.

ఆ తర్వాత జరిగిన ఒక చిన్న సంఘటన హాల్బర్‌స్టామ్ ఆలోచనకు గుండెకాయ లాంటిది. అమెరికా తిరిగొచ్చిన వాన్, పెంటగాన్‌లో త్రివిధ దళాధిపతుల ముందు మాట్లాడే అవకాశం సంపాదించారు. తేదీ 1963 జూలై 8. చార్టులు, లెక్కలు సిద్ధం చేసుకుని వెళ్లారు. చివరి నిమిషంలో ఆ అంశాన్ని ఎజెండా నుంచి తీసేశారు. దళాధిపతుల చైర్మన్ జనరల్ మాక్స్‌వెల్ టేలర్ దాన్ని విననివ్వలేదు. వాన్ ఆ నెలాఖరుకే సైన్యం వదిలేశారు. దేశంలో అత్యున్నత సైనికాధికారులు కూర్చున్న గది తలుపు బయట నిజం ఫైలు పట్టుకుని నిలబడింది. లోపలున్నవాళ్లు పిలవలేదు, అంతే. సమాచారం లేక తప్పు చేశారనే వాదన ఈ ఒక్క ఉదాహరణతో సగం కూలిపోతుంది.

అదే ఏడాది ఆగస్టు 15న డెల్టాలో ప్రభుత్వ పరిస్థితి దిగజారుతోందని హాల్బర్‌స్టామ్ రాసిన కథనం మొదటి పేజీలో వచ్చింది. వాషింగ్టన్‌లో గగ్గోలు పుట్టింది. విదేశాంగ మంత్రి డీన్ రస్క్ బహిరంగంగా ఖండించారు. ఇంకో వారం తిరక్కుండానే, ఆగస్టు 21 తెల్లవారుజామున సైగాన్‌లో, హ్యూలో బౌద్ధాలయాల మీద దాడులు జరిగాయి. దాడి చేయించింది డియెమ్ తమ్ముడు న్హూ అనీ, చేసింది అతని చెప్పుచేతల్లో ఉన్న ప్రత్యేక దళాలనీ హాల్బర్‌స్టామ్ వార్త పంపారు. సైన్యాధికారులే చేశారని వాషింగ్టన్ అధికారులు చెప్పిన మాటతో అదే పత్రిక వాషింగ్టన్ బ్యూరో ఇంకో వార్త పంపింది. ఏది నిజమో న్యూయార్క్ డెస్క్ తేల్చుకోలేక, రెండింటినీ పక్కపక్కనే అచ్చువేసి, మధ్యలో వివరణ ఇచ్చింది. కొద్ది రోజులకే సైగాన్ వార్తే నిజమని తేలింది. మన దగ్గర జిల్లా విలేకరి పంపిన వార్తను రాజధాని బ్యూరో సచివాలయం మాటతో కొట్టిపారేసే సందర్భాలు చూసినవాళ్లకు ఆ డెస్కు టెన్షన్ తేలిగ్గానే అర్థమవుతుంది.

అక్టోబరు 22న అధ్యక్షుడు కెనడీ న్యూయార్క్ టైమ్స్ ప్రచురణకర్త ఆర్థర్ సుల్జ్‌బర్గర్‌ను వైట్‌హౌస్‌లో కలిశారు. సుల్జ్‌బర్గర్ ఆ బాధ్యత తీసుకుని అప్పటికి నాలుగు నెలలు. సైగాన్‌లో మీ కుర్రాడు ఆ వ్యవహారంలో మరీ మునిగిపోయినట్టు లేదూ, వేరే చోటికి మార్చే ఆలోచన ఏమైనా ఉందా అని కెనడీ అడిగారు. లేదని సుల్జ్‌బర్గర్ జవాబిచ్చారు. అంతటితో ఆగకుండా, హాల్బర్‌స్టామ్‌కు అప్పటికే మంజూరైన రెండు వారాల సెలవును కూడా పత్రిక రద్దు చేసింది. అప్పుడు సెలవు మీద వెళ్తే అధ్యక్షుడి ఒత్తిడికి లొంగినట్టు కనిపిస్తుందని దాని భయం. పత్రికా స్వేచ్ఛ గురించి ఎన్ని ఉపన్యాసాలు విన్నా, ఆ సెలవు రద్దు అంత సూటిగా విషయం చెప్పవు. పది రోజుల తర్వాత డియెమ్, న్హూ హత్యకు గురయ్యారు. మరో మూడు వారాలకు కెనడీ కూడా. 1964లో హాల్బర్‌స్టామ్‌కు, అసోసియేటెడ్ ప్రెస్‌కు చెందిన మాల్కమ్ బ్రౌన్‌కు కలిపి పులిట్జర్ బహుమతి వచ్చింది.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. ఆ రోజుల్లో హాల్బర్‌స్టామ్ యుద్ధానికి వ్యతిరేకి కాడు. 1965లో వచ్చిన ఆయన మొదటి వియత్నాం పుస్తకం ‘ద మేకింగ్ ఆఫ్ ఎ క్వాగ్‌మైర్’ కూడా ఆ దేశం అమెరికాకు కీలకమనే అంటుంది. ఆయన కోపమంతా యుద్ధం చేస్తున్న తీరు మీద, దాని గురించి చెబుతున్న అబద్ధాల మీద. అసలు ఈ యుద్ధం గెలవదగ్గదే కాదన్న నిర్ణయానికి ఆయన వచ్చింది 1967లో వియత్నాం మళ్లీ వెళ్లొచ్చాకే. అదే ఏడాది న్యూయార్క్ టైమ్స్ వదిలి హార్పర్స్ మాసపత్రికకు వెళ్లారు. రోజువారీ వార్తలో పట్టని ప్రశ్నకు జవాబు వెతకడానికి అక్కడ చోటు దొరికింది.

మేధావుల కొలువు

1969లో హార్పర్స్‌కు ఆయన మెక్‌జార్జ్ బండీ మీద పెద్ద వ్యాసం రాశారు. 34 ఏళ్లకే హార్వర్డ్‌లో డీన్ అయిన బండీ, కెనడీకీ, ఆయన తర్వాతి అధ్యక్షుడు జాన్సన్‌కూ జాతీయ భద్రతా సలహాదారు. ఆ వ్యాసం పెరిగి పెరిగి 1972లో ‘ద బెస్ట్ అండ్ ద బ్రైటెస్ట్’ అయింది. దాదాపు 700 పేజీల పుస్తకం.

అది యుద్ధభూమిలో మొదలవదు. 1960 డిసెంబరులో, ఇంకా ప్రమాణ స్వీకారం చేయని కెనడీ, వాషింగ్టన్‌లోని తన ఇంట్లో రాబర్ట్ లోవెట్ అనే బ్యాంకర్‌తో మాట్లాడుతుంటారు. విదేశాంగం, రక్షణ, ఆర్థికం, మూడింట్లో ఏది కావాలంటే అది తీసుకోమని అడుగుతారు. ఆరోగ్యం బాగాలేదని లోవెట్ వద్దంటారు, బదులుగా కొన్ని పేర్లు చెబుతారు. వాటిలో రస్క్, మెక్‌నమారా ఉంటారు. జనం ఓటుతో ఎన్నడూ పనిలేని ఒక వర్గం, ప్రభుత్వాలు మారినా తాను మారకుండా, విదేశాంగ విధానాన్ని ఎలా చేతుల్లో పెట్టుకుందో ఈ ఒక్క సన్నివేశంతో చెప్పేశారు. కొత్త మంత్రివర్గం తొలి సమావేశం నుంచి వచ్చిన లిండన్ జాన్సన్ వాళ్ల తెలివితేటల గురించి మురిసిపోతుంటే, ఆయన గురువు స్పీకర్ శామ్ రేబర్న్, వాళ్లలో ఒక్కడైనా ఒక్కసారైనా షెరీఫ్ (జనం ఎన్నుకునే స్థానిక పోలీసు అధికారి) పదవికి పోటీ చేసి ఉంటే నాకు నిశ్చింతగా ఉండేదని అన్నారట. జనంలో తిరిగి ఓట్లడిగిన మనిషికి అవతలివాడి మొండితనం అంటే ఏమిటో తెలుస్తుంది. అందుకే ఆ మాట ఇన్నేళ్లుగా జనం నోళ్లలో నానుతోంది.

రాబర్ట్ మెక్‌నమారా ఫోర్డ్ కంపెనీ ప్రెసిడెంట్ కుర్చీలో ఐదు వారాలు కూర్చుని రక్షణ మంత్రిగా వచ్చారు. అంకెల మనిషి. 1962లో వియత్నాం చూసొచ్చి, ఏ కొలమానంతో కొలిచినా గెలుస్తున్నామనే తేలుతోందని ప్రకటించారు. ఆ కొలమానాలు ఎక్కడివి? చంపిన శత్రువులెందరు, రక్షణలోకి తెచ్చిన పల్లెలెన్ని అన్న అంకెలు ప్రావిన్సు అధికారుల నుంచి వచ్చేవి. తక్కువ చెబితే ఉద్యోగానికి ఎసరు, ఎక్కువ చెబితే సైగాన్‌లో మంచి పేరు. ఎవరో ఒకరు కావాలని మసిపూసి మారేడుకాయ చేయాల్సిన అవసరం కూడా లేదు. ప్రతి మెట్టు మీదా ఒకరు కాస్త సర్దితే చాలు, వాషింగ్టన్ చేరేసరికి ఓటమి విజయం అయిపోతుంది. మెక్‌నమారా తెలివైనవారే, కష్టజీవే. అయితే లెక్క సరిచూసేవాడు లెక్క రాసినవాడి భయాన్ని పట్టించుకోకపోతే ఎంత తెలివైనా ఉపయోగం లేదు. 1960 చివర్లో వియత్నాంలో అమెరికన్ సలహాదారులు 900 మంది దాకా ఉండేవారు. కెనడీ చనిపోయేనాటికి 16,000. 1969లో సైనికుల సంఖ్య 5,43,000 దాటింది. చివరికి చనిపోయిన అమెరికన్లు 58,000 మందికి పైగా. వియత్నామీయుల ప్రాణాలకు లెక్క లక్షల్లోనే.

ఉన్నది ఉన్నట్టు చెప్పినవాళ్లు

ఆ పుస్తకం పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేవి బండీ, మెక్‌నమారా చిత్రణలు. వాటికంటే విలువైన భాగం వేరే ఉంది. హాల్బర్‌స్టామ్ ఒక మామూలు ప్రశ్న వేసుకున్నారు. ఆసియా గురించి నిజంగా తెలిసిన అధికారులు ఆ సమావేశాల్లో ఎందుకు కనిపించలేదు? జవాబు కోసం ఇరవై ఏళ్లు వెనక్కి, చైనాకు వెళ్లాల్సి వచ్చింది.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో చైనాలో జాన్ పేటన్ డేవీస్, జాన్ సర్వీస్ అనే దౌత్యాధికారులు ఉండేవారు. ఇద్దరూ అక్కడే పుట్టిన మిషనరీల బిడ్డలు, చైనా భాష వచ్చు. అప్పటి చైనా పాలకుడు చియాంగ్ కై షెక్ ప్రభుత్వం లోపల కుళ్లిపోయిందనీ, రేపటి చైనా కమ్యూనిస్టులదేననీ డేవీస్ 1944లోనే రాసి పంపారు. 1949లో అదే జరిగింది. జోస్యం ఫలించినందుకు వాళ్లకు సన్మానం జరగలేదు. చైనాను పోగొట్టింది వీళ్లేనని రిపబ్లికన్లు, సెనెటర్ జోసెఫ్ మెకార్తీ వెంటపడ్డారు. యథార్థవాది లోకవిరోధి అన్న మాట వీళ్ల విషయంలో అక్షరాలా నిజమైంది. సర్వీస్‌ను 1951లో తొలగించారు. 1957లో సుప్రీంకోర్టు తీర్పుతో తిరిగొచ్చినా, చైనాతో సంబంధమే లేని లివర్‌పూల్ కాన్సులేట్‌కు పంపారు. ఇంకో దౌత్యాధికారి జాన్ కార్టర్ విన్సెంట్‌ను 1953లో పొమ్మనకుండా పొగబెట్టి పంపేశారు. డేవీస్ మీద తొమ్మిదిసార్లు విచారణ జరిగింది. ఆయన దేశద్రోహి అని ఎవరూ నిరూపించలేకపోయారు. చివరికి వివేచన సరిగా లేదంటూ 1954లో విదేశాంగ మంత్రి డల్లెస్ ఇంటికి పంపేశారు. డేవీస్ కుటుంబంతో పెరూ వెళ్లి ఫర్నిచర్ తయారుచేసి బతికారు.

మిగిలినవాళ్లు ఏం నేర్చుకున్నారో ఊహించడం కష్టం కాదు. ఆసియాలో కమ్యూనిస్టులు బలంగా ఉన్నారని రాస్తే కెరీర్ పోతుంది, గెలుస్తున్నామని రాస్తే ఉంటుంది. పదేళ్ల తర్వాత కెనడీ కొలువు వియత్నాం గురించి చర్చిస్తున్నప్పుడు ఆ పాఠం నేర్చినవాళ్లే పై కుర్చీల్లో ఉన్నారు. 1963 ఆగస్టు 31న జరిగిన ఒక ఉన్నతస్థాయి సమావేశంలో, వియత్నాంలో చాలాకాలం పనిచేసిన పాల్ కాటెన్‌బర్గ్ అనే అధికారి, గౌరవంగా బయటికి వచ్చేయడం మేలని అన్నారు. యుద్ధం గెలిచేదాకా వచ్చే ప్రసక్తే లేదని రస్క్ తేల్చేశారు. కాటెన్‌బర్గ్‌కు ఆ తర్వాత వియత్నాం విధానంలో పెద్దగా చోటు దొరకలేదు. తన డెమొక్రటిక్ పార్టీకి చైనా అపవాదు ఎంత చేటు తెచ్చిందో సెనెట్‌లో కళ్లారా చూసిన జాన్సన్‌కు, వియత్నాం కూడా పోగొట్టుకున్న అధ్యక్షుడిగా మిగిలిపోతానన్న భయం ఎప్పుడూ ఉండేది. సైనికులను పంపడం వెనుక ఆ భయానిది పెద్ద వాటా.

ఈ వాదనకు అనుకోని చోటి నుంచి బలం దొరికింది. 1995లో మెక్‌నమారా తన జ్ఞాపకాలు రాస్తూ, వియత్నాం మీద నిర్ణయాలు తీసుకునేటప్పుడు తమకు సలహా చెప్పగల నిపుణులు లేరని ఒప్పుకున్నారు. కారణంగా చెప్పింది మెకార్తీ కాలపు ఏరివేతను, పేర్కొన్నది డేవీస్, సర్వీస్, విన్సెంట్‌లనే. 23 ఏళ్ల ముందు ఒక విలేకరి రాసినదాన్ని, ఆ విలేకరి ఎవరి మీద రాశాడో ఆ మనిషే నిజమని చెప్పడం చరిత్ర రచనలో తరచూ జరిగేది కాదు.

ఢిల్లీకి పంపిన ఇద్దరు

ఈ కథలో మన దేశానికి సంబంధించిన పేజీలు కొన్ని ఉన్నాయి. కెనడీ కొలువులో ఆసియా గురించి వేరేగా ఆలోచించిన ఇద్దరూ ఢిల్లీలో రాయబారులుగా పనిచేసినవాళ్లే. విదేశాంగ శాఖలో రెండో స్థానంలో ఉన్న చెస్టర్ బౌల్స్ 1961లో క్యూబా దండయాత్రను ముందే వద్దన్నారు. అది విఫలమయ్యాక, ఆయన వద్దన్న సంగతి బయటికి పొక్కడం కెనడీ సోదరులకు కంటగింపైంది. ఆ నవంబరులోనే పదవి ఊడింది. 1951-53లో ఢిల్లీలో రాయబారిగా చేసిన ఆయనను 1963లో మళ్లీ అక్కడికే పంపారు. మధ్యకాలంలో ఆ పదవిలో ఉన్న ఆర్థికవేత్త జాన్ కెన్నెత్ గాల్‌బ్రెయిత్ 1961 నవంబరులో సైగాన్ వెళ్లి చూసి, డియెమ్‌ను నమ్ముకుంటే ఊబిలో దిగినట్టేనని కెనడీకి రాశారు. 1962 ఏప్రిల్లో రాజీ మార్గం వెతకమని ఇంకో లేఖ ఇచ్చారు. వియత్నాం మీద కుదిరిన 1954 జెనీవా ఒప్పందం అమలును చూసే అంతర్జాతీయ కమిషన్‌కు ఇండియా అధ్యక్ష స్థానంలో ఉంది కాబట్టి, ఢిల్లీ ద్వారా ఉత్తర వియత్నాం రాజధాని హనోయ్‌ను కదిలించి చూడవచ్చన్న ఆలోచన కూడా అప్పుడు నడిచింది. దళాధిపతులు ఆ లేఖను వ్యతిరేకించారు, ప్రయత్నం ముందుకు సాగలేదు. హాల్బర్‌స్టామ్ బౌల్స్ పతనానికి ఎన్నో పేజీలు ఇచ్చారు. ఎక్కువ మాట్లాడతాడని, మెతకవాడని కెనడీ బృందం ఎగతాళి చేసిన మనిషి విషయాల్లో సరిగ్గా ఉన్నాడు. ఆ ఎగతాళి చేసినవాళ్లు మాటల్లో చురుగ్గా ఉండి విషయాల్లో తప్పారు. పుస్తకం మొత్తంలో అతి బాధాకరమైన భాగాల్లో ఇదొకటి.

ఎక్కడ సరిపోదు

ఈ పుస్తకాన్ని వేదంలా చదవకూడదు. అభ్యంతరం చెప్పినవాళ్లు తేలిక మనుషులు కారు. వియత్నాం నిర్ణయాల మీద రక్షణ శాఖ రహస్యంగా రాయించిన చరిత్ర పెంటగాన్ పేపర్స్‌ను బయటపెట్టిన డేనియల్ ఎల్స్‌బర్గ్, వాటిని తయారుచేసిన బృందానికి నాయకత్వం వహించిన లెస్లీ గెల్బ్ ఇద్దరూ వేర్వేరుగా ఒక మాట చెప్పారు. అధ్యక్షులు మోసపోలేదు. యుద్ధాన్ని పెంచిన ప్రతి సందర్భంలోనూ వాళ్ల ముందున్న నివేదికలు నిరాశాజనకంగానే ఉన్నాయి. గెలుస్తామని కాదు, తమ హయాంలో ఓడిపోకూడదని అడుగు వేశారు. 1964 మే 27న జాన్సన్ బండీతో ఫోన్‌లో మాట్లాడిన టేపు దశాబ్దాల తర్వాత బయటికొచ్చింది. ఇది పోరాడదగ్గ యుద్ధం అనుకోవడం లేదు, అలాగని బయటపడగలమనీ అనిపించడం లేదు అని ఆయన అందులో దిగులుపడతారు. అహంకారంతో కళ్లు మూసుకుపోయిన మనిషి గొంతు కాదది.

వాదనలు రెండూ పక్కన పెట్టి చూస్తే, కాలాన్ని బట్టి రెండూ నిలుస్తాయి. 1962, 63ల్లో హార్కిన్స్ రాజ్యంలో అబద్ధపు ఆశాభావమే నడిచింది. దాన్ని హాల్బర్‌స్టామ్ కళ్లారా చూశారు కాబట్టి ఆయన పేజీలు అక్కడ గట్టిగా ఉన్నాయి. 1964 చివరికి నిజం పైకి చేరింది. చేరినా నిర్ణయం మారలేదు. ఆ భాగానికి వచ్చేసరికి ఆయన కారణాలను మనుషుల స్వభావంలో, పెంపకంలో, గర్వంలో మరీ ఎక్కువగా వెతికారు. అయితే అప్పుడు కూడా చైనా భయం గురించి రాసిన పేజీలు ఎల్స్‌బర్గ్, గెల్బ్‌ల వాదనకు దగ్గరగానే వెళ్తాయి.

ఇంకో పెద్ద లోటు వియత్నామీయులు. ఉత్తర వియత్నాం నాయకుడు హో చి మిన్ మీద ఆయన 1971లో ఒక చిన్న పుస్తకం రాసిన మాట నిజం. ఈ పెద్ద పుస్తకంలో మాత్రం హనోయ్ ఏం ఆలోచించింది, డెల్టా రైతు ఏం కోరుకున్నాడు అన్నది దాదాపు కనిపించదు. ఎవరి నేల మీద యుద్ధం జరిగిందో వాళ్లే ఆ యుద్ధ చరిత్రలో నేపథ్యంగా మిగిలిపోయారు. ఫుట్‌నోట్లు లేవు, ఏ మాట ఎవరు చెప్పారో తెలియదు. మనుషుల మనసుల్లోని ఆలోచనలను సైతం దగ్గరుండి విన్నట్టు రాస్తారు. నవలా రచయిత్రి మేరీ మెకార్తీ దీన్ని ఘాటుగా విమర్శించారు. నమ్మిన మనుషుల విషయంలో ఆయనకు ఒక బలహీనత కూడా ఉంది. నిజం చెప్పినందుకే వాన్ ఉద్యోగం వదులుకున్నారని హాల్బర్‌స్టామ్ రాశారు. వాన్ సైన్యం వదలడం వెనుక వేరే వ్యక్తిగత కారణాలు ఉన్నాయని, ఆ సంగతి విలేకరి మిత్రులకు ఆయన చెప్పలేదని నీల్ షీహన్ 1988లో బయటపెట్టారు. సైగాన్‌లో హాల్బర్‌స్టామ్‌తో కలిసి పనిచేసిన విలేకరే షీహన్. వాన్ రిపోర్టులో నిజం ఉంది, వాన్ కథలో పూర్తిగా లేదు.

మళ్లీ అదే ప్రశ్న, కొరియాలో

ఆ తర్వాత ఆయన పత్రికా సంస్థల మీద, కార్ల పరిశ్రమ మీద, ఆటల మీద, నాష్‌విల్ విద్యార్థుల మీద రాశారు. 2001లో వచ్చిన ‘వార్ ఇన్ ఎ టైమ్ ఆఫ్ పీస్’ సీనియర్ బుష్, క్లింటన్‌ల కాలంలో బోస్నియా, కొసావో యుద్ధాల కథ. అందులో ముఖ్యపాత్ర అయిన రిచర్డ్ హోల్‌బ్రూక్ కూడా కుర్రాడిగా మెకాంగ్ డెల్టాలో పనిచేసినవాడే.

కానీ ఆయన పాత ప్రశ్న పూర్తి రూపంలో కనిపించేది చివరి యుద్ధ పుస్తకం ‘ద కోల్డెస్ట్ వింటర్’లో. విషయం కొరియా యుద్ధం, అధ్యక్షుడు ట్రూమన్‌కూ అక్కడ సేనలను నడిపిన జనరల్ మెకార్థర్‌కూ మధ్య ఘర్షణ. మెకార్థర్ గూఢచారి విభాగాధిపతి చార్లెస్ విల్లోబీ తన జనరల్‌కు నచ్చే మాటే నివేదికల్లో రాసేవాడు. 1950 అక్టోబరు 15న వేక్ ద్వీపంలో ట్రూమన్‌ను కలిసినప్పుడు చైనా యుద్ధంలోకి రాదని మెకార్థర్ ధీమాగా చెప్పారు. నాలుగు రోజులకే చైనా సైన్యం కొరియా సరిహద్దులోని యాలూ నది దాటింది. పట్టుబడ్డ చైనా సైనికులను చూపించినా విల్లోబీ ఒప్పుకోలేదు. నవంబరు చివరికి ఎదురుగా సుమారు 3 లక్షల మంది ఉంటే, టోక్యోలోని మెకార్థర్ కార్యాలయం లెక్క లక్ష లోపే.

హెచ్చరిక రాలేదా అంటే, వచ్చింది, అదీ ఇండియా ద్వారా. అక్టోబరు 3 అర్ధరాత్రి దాటాక చైనా ప్రధాని చౌ ఎన్‌లై మన రాయబారి కె.ఎం. పణిక్కర్‌ను పిలిపించి, అమెరికా సైన్యం రెండు కొరియాలను విడదీసే 38వ అక్షాంశం దాటితే చైనా దిగుతుందని చెప్పారు. ఢిల్లీ ఆ మాటను చేరవేసింది. పణిక్కర్ చైనా పక్షపాతి అంటూ వాషింగ్టన్ కొట్టిపారేసింది. కబురు ఏమిటన్నది చూడకుండా కబురు తెచ్చినవాడి మీద ముద్ర వేయడం డేవీస్, సర్వీస్‌ల విషయంలో జరిగినదే. ఇది అధ్యక్షులందరికీ పట్టిన జబ్బు అని హాల్బర్‌స్టామ్ ఎక్కడా సూత్రంలా చెప్పరు. కొరియా పుస్తకం తర్వాత వియత్నాం పుస్తకం తెరిస్తే ఆ సంగతి దానంతటదే తేలుతుంది.

ఆ పుస్తకం అచ్చులో వచ్చేసరికి ఆయన లేరు. 2007 ఏప్రిల్ 23న కాలిఫోర్నియాలోని మెన్లో పార్కులో కారు ప్రమాదంలో చనిపోయారు. వయసు 73. 1958 నాటి ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ మీద రాయబోయే పుస్తకానికి పాత ఆటగాడిని కలవడానికి వెళ్తున్నారు. ఇంటర్వ్యూ ముగిసేటప్పుడు ఇంకా ఎవరిని కలవాలో చెప్పమని అడగడం ఆయన అలవాటు. కుర్ర విలేకరులకూ అదే చెప్పేవారు. పై అధికారి చెప్పిన పేరు కింది అధికారి దగ్గరికి, అతను చెప్పిన పేరు మరో కెప్టెన్ దగ్గరికి దారి చూపిస్తుంది. ఆయన పుస్తకాల్లో ఎవరికీ తెలియని మేజర్లు, డెస్క్ ఆఫీసర్లు అధ్యక్షులతో సమానంగా పేజీలు పొందడానికి కారణం ఈ పద్ధతే. పదవి కోల్పోయిన దౌత్యాధికారికి చెప్పుకోవాల్సింది చాలా ఉంటుంది, అడిగేవాడే ఉండడు.

ఆయనను కొత్తగా చదవాలనుకునేవాళ్లు 1972 పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చదవాల్సిన పని లేదు. చైనా దౌత్యాధికారుల అధ్యాయాలు, బౌల్స్ పతనం ముందు చదివితే, బండీ, మెక్‌నమారాల చిత్రణలు ఎందుకంత పదునుగా ఉన్నాయో అర్థమవుతుంది. ఫుట్‌నోట్లు లేని లోటుకు మందు కూడా ఇప్పుడు దొరుకుతోంది. 7,000 పేజీల పెంటగాన్ పేపర్స్‌ను అమెరికా జాతీయ పత్ర భాండాగారం (నేషనల్ ఆర్కైవ్స్) 2011 జూన్‌లో పూర్తిగా విడుదల చేసి ఇంటర్నెట్‌లో పెట్టింది. హాల్బర్‌స్టామ్ మనుషులను అడిగి రాసినది, ఆ మనుషులు అప్పట్లో కాగితం మీద పెట్టినదానితో ఎంతవరకు సరిపోతుందో ఎవరైనా ఉచితంగా పోల్చి చూసుకోవచ్చు.